మాత్ర తప్పితే నెల తప్పినట్టేనా?

పదేళ్లకు పైగా మందుల షాపు కౌంటర్ వెనక నిలబడ్డాను. జ్వరం మాత్రలు గట్టిగానే అడుగుతారు. గర్భం రాకుండా వేసుకునే ఈ మాత్రల సంగతి అడగాలంటే మాత్రం షాపు ఖాళీ అయ్యేదాకా ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు. అడిగేదీ చాలాసార్లు ఒకే మాట: "మొన్న రాత్రి వేసుకోలేదు, నిన్నా మర్చిపోయా. ఇవాళ పొద్దున మరక కనబడింది. డేట్ వచ్చినట్టేనా? స్ట్రిప్ ఆపేయనా?"

ఆపొద్దు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట ఎందుకు అంటున్నానో చెప్పడానికే. మాత్రలు తప్పినప్పుడు కనబడే రక్తం గర్భం రాలేదనడానికి సాక్ష్యం కాదు, వచ్చిందనడానికీ కాదు. దాన్ని చూసి మాత్రలు ఆపేయడమే అసలు ముప్పు. ఆపితే హార్మోన్ అందని రోజులు ఇంకా పెరుగుతాయి. గర్భం వచ్చే వీలు ఆ రోజుల్లోనే ఉంటుంది.

ముందు స్ట్రిప్ చేతిలోకి తీసుకోండి

"గర్భం రాకుండా వేసుకునే మాత్ర" అని అందరం ఒకే పేరుతో పిలుస్తాం గానీ, వాటిలో రకాలున్నాయి. ఒకదాని నియమం ఇంకోదానికి పనికిరాదు. కాబట్టి స్ట్రిప్ తిప్పి వెనక చదవండి.

ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఆశా కార్యకర్త దగ్గరా ఉచితంగా దొరికేది మాలా-ఎన్. షాపులో తక్కువ ధరకు అమ్మేది మాలా-డి. రెంటిలోనూ మందు ఒకటే: లెవోనార్జెస్ట్రల్ 0.15 మిల్లీగ్రాములు, ఎథినైల్ ఈస్ట్రడియోల్ 0.03 మిల్లీగ్రాములు. స్ట్రిప్‌లో 28 మాత్రలుంటాయి. తెల్లవి 21, వాటిలోనే హార్మోన్ ఉంటుంది. ముదురు రంగువి 7, అవి ఐరన్ మాత్రలు. ఓవ్రాల్-ఎల్, నోవెలాన్, ఫెమిలాన్, డయాన్-35 లాంటివి 21 మాత్రల స్ట్రిప్‌లు. అవి అయిపోయాక ఏడు రోజులు ఏమీ వేసుకోరు. యాజ్‌లో 24 హార్మోన్ మాత్రలు, 4 ఉత్త మాత్రలు. వీటన్నిటిలో రెండు హార్మోన్లుంటాయి, కాబట్టి "కంబైన్డ్" మాత్రలంటారు. కింద చెప్పే ప్రధాన లెక్క వీటికే.

ఛాయా, సహేలీ ఈ కుటుంబంలోవి కావు, వారానికి వేసుకునేవి. పాలిచ్చే తల్లులకు రాసే ఒకే హార్మోన్ మాత్రల లెక్క కూడా వేరు. ఆ రెంటి గురించి తర్వాత చెబుతాను.

లోపల జరిగేది ఒక్క నిమిషంలో

రోజూ హార్మోన్ అందుతుంటే అండాశయాలు నిద్రపోతున్నట్టు ఉంటాయి. అండం ఎదగదు, విడుదల కాదు. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలను లోపలికి పోనివ్వదు. గర్భసంచి లోపలి పొర పలచగా ఉంటుంది.

హార్మోన్ ఆగిన రెండు మూడు రోజులకు ఆ పొర ఊడి రక్తం కనబడుతుంది. ఐరన్ మాత్రల వారంలో వచ్చే నెలసరి ఇదే. నిజం చెప్పాలంటే అది సహజమైన నెలసరి కాదు, హార్మోన్ ఆగినందుకు వచ్చే రక్తస్రావం. ఐరన్ మాత్ర దాన్ని తెప్పించదు, ఆపదు. రోజూ వేసుకునే అలవాటు తప్పకుండా చూడటం, కాస్త ఐరన్ ఇవ్వడం, అంతే దాని పని.

ఇక అసలు కిటుకు. ఏడు రోజుల విరామంలోనే అండాశయాలు కళ్లు తెరవడం మొదలుపెడతాయి. ఏడో రోజు తర్వాత కొత్త స్ట్రిప్ మొదలైతే మళ్లీ నిద్రలోకి జారుకుంటాయి. విరామం ఎనిమిది, తొమ్మిది, పది రోజులకు సాగితే కొందరిలో అండం విడుదలయ్యే దాకా పోతుంది. వాటిని మళ్లీ నిద్రపుచ్చడానికి వరసగా ఏడు హార్మోన్ మాత్రలు కావాలి. ఏడు రోజుల కండోమ్ లెక్క ఇక్కడి నుంచే వచ్చింది.

అందుకే స్ట్రిప్ నడిమధ్యలో ఒక మాత్ర పోవడం కంటే, స్ట్రిప్ మొదట్లోనో చివర్లోనో పోవడం ప్రమాదం. ఏడు రోజుల విరామానికి అటో ఇటో ఇంకో రెండు రోజులు అతుక్కుంటాయి. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. "చివరి రెండే కదా, ఎలాగూ డేట్ వచ్చే టైమే" అంటారు. ఆ చివరి రెండే కొంప ముంచేవి.

ఎన్ని తప్పాయో లెక్కపెట్టండి

రోజూ రాత్రి 9 గంటలకు వేసుకునేవారు తెల్లారి 7 గంటలకు గుర్తుతెచ్చుకుంటే అది ఆలస్యమే, తప్పినట్టు కాదు. వెంటనే వేసుకుని, రాత్రి మాత్ర మామూలు వేళకే వేసుకోండి. వేసుకోవాల్సిన వేళ దాటి 24 గంటలైతే ఒకటి తప్పినట్టు. 48 గంటలైతే రెండు.

ఒకటే తప్పితే: గుర్తొచ్చిన క్షణంలో వేసుకోండి. ఇవాళ్టి మాత్ర వేళ కూడా అయిపోయి ఉంటే రెండూ కలిపి వేసుకోవచ్చు. ఒకే రోజు రెండు వేసుకుంటే విషమేమీ కాదు. కాస్త వికారంగా ఉండొచ్చు, కాబట్టి అన్నం తిన్నాక వేసుకోండి. మిగతా స్ట్రిప్ యథావిధిగా కొనసాగించండి. కండోమ్ అక్కర్లేదు, కలిశాక గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర కూడా అక్కర్లేదు. అయితే అదే స్ట్రిప్ మొదట్లోనో, పోయిన స్ట్రిప్ చివర్లోనో ఇంకోటి కూడా తప్పి ఉంటే ఇంత ధీమా పనికిరాదు.

రెండు లేక అంతకంటే ఎక్కువ వరసగా తప్పితే: చిట్టచివర తప్పిన మాత్రను ఇప్పుడే వేసుకోండి. అంతకు ముందు తప్పినవి వదిలేయండి. పోయినవన్నీ ఒకేసారి మింగితే వాంతులు తప్ప లాభం లేదు. ఆ తర్వాత రోజుకొకటి చొప్పున సాగించండి. వరసగా ఏడు హార్మోన్ మాత్రలు పడేదాకా కండోమ్ వాడండి, లేదా కలవకండి.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కుటుంబ నియంత్రణ చేపుస్తకం 30 మైక్రోగ్రాముల (అంటే 0.03 మిల్లీగ్రాముల) ఈస్ట్రోజన్ ఉన్న మాలా-ఎన్ లాంటి మాత్రలకు "మూడు తప్పితే" కండోమ్ అంటుంది, 20 మైక్రోగ్రాములవాటికి "రెండు తప్పితే" అంటుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అన్నిటికీ రెండే అంటుంది. కాబట్టి మీ ఆశా కార్యకర్త మూడు అని చెబితే ఆమె తప్పు చెప్పినట్టు కాదు. నేను మాత్రం అడిగినవాళ్లకు రెండే చెబుతాను. స్ట్రిప్ వెనక మైక్రోగ్రాములు వెతికే తీరిక ఆ కంగారులో ఎవరికుంటుంది?

తర్వాత చూడాల్సింది అవి ఏ వారంలో తప్పాయన్నది.

మొదటి వారం, అంటే మొదటి ఏడు హార్మోన్ మాత్రల్లో తప్పితే, లేదా కొత్త స్ట్రిప్ మొదలుపెట్టడమే రెండు మూడు రోజులు ఆలస్యమైతే, ఇదే అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన చోటు. విరామం ఇప్పటికే ఏడు రోజులు దాటిపోయింది. గత ఐదు రోజుల్లో కండోమ్ లేకుండా కలిసి ఉంటే అత్యవసర మాత్ర గురించి ఆలోచించాలి. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతికుండగలవు, అందుకే వెనక్కి తిరిగి లెక్కేస్తున్నాం.

రెండో వారంలో తప్పితే, అంతకు ముందు ఏడు మాత్రలు సరిగ్గా పడి ఉంటే, కొంత భద్రత ఉంది. కండోమ్ ఏడు రోజులు చాలు.

మూడో వారంలో తప్పితే ఐరన్ మాత్రలు వదిలేయాలి. తెల్ల మాత్రలు అయిపోయిన మర్నాడే కొత్త స్ట్రిప్ మొదలుపెట్టాలి. 21 మాత్రల స్ట్రిప్ వాడేవారు ఏడు రోజుల సెలవు తీసుకోకూడదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. స్ట్రిప్ సోమవారం మొదలైంది. మూడో వారంలో చెల్లెలి పెళ్లి, గురువారం, శుక్రవారం మాత్రలు మర్చిపోయారు. శనివారం రాత్రి 9 గంటలకు గుర్తొచ్చింది. అప్పుడు శుక్రవారంది, శనివారంది వేసుకోవాలి. గురువారం మాత్ర అలాగే వదిలేయాలి. ఆదివారం 21వ మాత్ర. సోమవారం ముదురు మాత్రలు ముట్టుకోకుండా కొత్త స్ట్రిప్‌లో మొదటి తెల్ల మాత్ర. కండోమ్ ఆ శనివారం నుంచి తర్వాతి శుక్రవారం దాకా. ఇలా చేయకుండా మామూలుగా ఐరన్ వారంలోకి పోతే ఏమవుతుంది? రెండు రోజుల ఖాళీ, రెండు రోజుల మందు, మళ్లీ ఏడు రోజుల ఖాళీ.

ఐరన్ మాత్రలు తప్పితే ఏమీ కాదు. తప్పినవి పారేసి, కొత్త స్ట్రిప్ తేదీ మాత్రం మారకుండా చూసుకోండి.

పీసీఓడీ కోసం వాడుతూ, ఎవరితోనూ కలవని అమ్మాయిలకు ఈ కండోమ్, అత్యవసర మాత్రల గొడవేమీ లేదు. మాత్ర తప్పితే మహా అయితే మధ్యలో మరకలు కనబడతాయి. గుర్తొచ్చినప్పుడు వేసుకుని సాగిపోవడమే. వీళ్లలో సగం మరుపులు నిజానికి మరుపులు కావు. "పెళ్లికాని పిల్లకి ఈ మాత్రలేంటి" అని ఇంట్లో ఎవరో అంటారని స్ట్రిప్‌ను బీరువాలో చీరల కింద దాచుకోవడం వల్ల వచ్చే తిప్పలు. డాక్టర్ రాసిన చీటీని అమ్మకు ఒకసారి చూపించి చెబితే, ఆమే రోజూ గుర్తుచేస్తుంది.

"ఐదో రోజు" అనే తప్పు

ఈ తప్పు నాకు అన్నిటికంటే ఎక్కువగా కనబడింది, అందుకని దీనికి వేరే చోటు ఇస్తున్నా. మొట్టమొదటి స్ట్రిప్ ఇచ్చేటప్పుడు "నెలసరి వచ్చిన ఐదు రోజుల లోపు మొదలుపెట్టండి" అని చెబుతారు. అది మొదటి స్ట్రిప్‌కు మాత్రమే. చాలామంది ప్రతి నెలా అదే పాటిస్తారు. రక్తం వచ్చేదాకా ఆగి, ఐదో రోజు లెక్కపెట్టి, తలస్నానం చేసి, అప్పుడు కొత్త స్ట్రిప్ తీస్తారు.

చివరి మాత్ర ఆదివారం వేసుకున్నారనుకోండి. రక్తం శుక్రవారం వచ్చింది. ఐదో రోజు మంగళవారం. అంటే సోమవారం నుంచి సోమవారం దాకా ఎనిమిది రోజులు ఖాళీ. ఒక్క మాత్ర కూడా మర్చిపోకుండానే విరామం దాటిపోయింది! అసలు రక్తమే రాని నెల అయితే ఇంకా అన్యాయం, దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

రెండో స్ట్రిప్ నుంచి రక్తంతో సంబంధం లేదు. ఎనిమిదో రోజు కొత్త మాత్ర పడాల్సిందే. రక్తం ఆగినా, ఆగకపోయినా, అసలు రాకపోయినా.

నెలసరి ఎలా తిరగబడుతుంది

మాత్ర తప్పినప్పుడు గర్భసంచి పొరను పట్టి ఉంచే హార్మోన్ ఒక్కసారి తగ్గుతుంది. ఒకట్రెండు రోజుల్లో మరకలు కనబడొచ్చు. కొందరికి బ్రౌన్ రంగు మరక, కొందరికి ప్యాడ్ పెట్టుకోవాల్సినంత. కొందరికి ఏమీ కనబడదు. ఏది కనబడ్డా మాత్ర పనిచేసిందా లేదా అన్నది అందులోంచి తేలదు.

స్ట్రిప్ మధ్యలో రక్తం వస్తే మాత్రలు సాగించండి. అది కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. "డేట్ వచ్చేసింది కదా" అని తెల్ల మాత్రలు వదిలి ఐరన్‌లోకి దూకకండి, ఆ రోజును మొదటి రోజుగా పెట్టుకుని కొత్త లెక్క మొదలుపెట్టకండి. పాత స్ట్రిప్ తేదీలే మీ క్యాలెండర్.

మూడో వారంలో తప్పి, ఐరన్ వదిలి నేరుగా కొత్త స్ట్రిప్‌లోకి వెళ్లినవారికి ఆ నెల నెలసరి రాకపోవచ్చు. రెండో స్ట్రిప్ చివరే రావచ్చు, మధ్యలో మరకలు పడొచ్చు. ఇక్కడే పెద్దవాళ్ల భయం ఒకటి బయటికి వస్తుంది: "చెడు రక్తం లోపలే పేరుకుపోతుందమ్మా." పేరుకోవడానికి లోపల ఏమీ ఉండదు. హార్మోన్ అందుతున్నంత కాలం పొర పెరగదు, పెరగని పొర ఊడదు. నెలనెలా బయటికి పోవాల్సిన మలినమంటూ గర్భసంచిలో లేదు.

ఇప్పుడు అసలు గుండెదడ: ఐరన్ వారం గడిచిపోయింది, రక్తం రాలేదు. మన భాషలో నెల తప్పడమంటేనే కడుపుతో ఉండటం, కాబట్టి భయపడటం సహజమే. ఒక్కో తెల్ల మాత్రా సరిగ్గా వేసుకున్నవారికైతే ఒక నెల రక్తం రాకపోవడం వింతేమీ కాదు, పొర పలచబడటం వల్ల అలా అవుతుంది. కొత్త స్ట్రిప్ వేళకు మొదలుపెట్టండి. వరసగా రెండు నెలలు రాకపోతే పరీక్ష చేసుకోండి. మాత్రలు తప్పిన నెలలో అయితే రెండో నెల దాకా ఆగొద్దు. కొత్త స్ట్రిప్ మొదలుపెట్టండి, పరీక్షా చేసుకోండి.

"గర్భం ఉందేమో, మాత్ర వేస్తే బిడ్డకు హాని కదా?" తెలియక తొలి రోజుల్లో ఈ మాత్రలు వేసుకున్నంత మాత్రాన బిడ్డకు అవకరాలు వస్తాయన్న ఆధారం లేదు. పరీక్షలో గర్భమని తేలితే అప్పుడు ఆపేయాలి. అనుమానంతో ఆపితే మాత్రం, లేని గర్భం నిజంగానే వచ్చే దారి తెరుచుకుంటుంది.

పరీక్ష ఎప్పుడు? రక్షణ లేకుండా కలిసిన చివరి రోజు నుంచి మూడు వారాలకు. మర్నాడే చేస్తే ఒక గీతే కనబడుతుంది, దానికి అర్థమేమీ లేదు. పొద్దున మొదటి మూత్రంతో చేయండి. ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ ఉచితంగా దొరుకుతుంది, షాపులో కొనే కార్డులూ అవే పనిచేస్తాయి. ఇంకో మాట, మాత్రలు తప్పిన నెలలో ఐరన్ వారంలో రక్తం వచ్చినా, ఎప్పుడూ లేనంత తక్కువగా, రెండు చుక్కలుగా వస్తే దాన్ని నమ్మి ఊరుకోకండి. అప్పుడూ పరీక్ష చేసుకోవాల్సిందే.

మాత్రలు మొత్తానికే మానేస్తే కొద్ది రోజుల్లో ఒకసారి రక్తం వస్తుంది. ఆ తర్వాత సొంత నెలసరి చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో తిరిగి మొదలవుతుంది. కొందరికి రెండు మూడు నెలలు అటూ ఇటూ అవుతుంది. మూడు నెలలు దాటినా రాకపోతే డాక్టర్‌కు చూపించుకోండి. మొదటి నెలసరి రాకముందే అండం విడుదల కావచ్చు కాబట్టి, పిల్లలు వద్దనుకుంటే మానేసిన రోజు నుంచే వేరే పద్ధతి కావాలి. ఈ మాత్రలు వాడితే తర్వాత పిల్లలు పుట్టరన్నది అపోహ.

మాత్రలు మొదలుపెట్టిన తొలి మూడు నెలల్లో, ఏమీ తప్పకపోయినా, మరకలు మామూలే. మూడు నెలల తర్వాతా అదే తంతయితే, లేదా కలిసిన ప్రతిసారీ రక్తం పడితే, అది మాత్రల మీదికి నెట్టేసే విషయం కాదు. పరీక్ష చేయించుకోవాలి.

అత్యవసర మాత్ర ఎప్పుడు

ఐ-పిల్, అన్‌వాంటెడ్-72, ప్రభుత్వం ఆశా కార్యకర్తల ద్వారా ఇచ్చే ఈజీ పిల్, అన్నీ ఒకటే: లెవోనార్జెస్ట్రల్ 1.5 మిల్లీగ్రాములు. కలిసిన 72 గంటల లోపు వేసుకోవాలి. ఎంత తొందరగా వేస్తే అంత మంచిది. మొదటి వారంలో రెండు అంతకంటే ఎక్కువ మాత్రలు తప్పి, గత ఐదు రోజుల్లో కలిసినవారికి ఇది వర్తిస్తుంది. మూడు రోజులు దాటిపోతే ఐదో రోజు లోపు ఆసుపత్రిలో కాపర్-టి వేయించుకోవచ్చు. అది ఈ మాత్ర కంటే గట్టి ఉపాయం, పైగా ఏళ్ల తరబడి మాత్రలతో పనుండదు. రోజూ మాత్ర వేసుకోవడం నా వల్ల కాదు అనేవారికి నేను చెప్పే మొదటి మాట కూడా అదే.

అత్యవసర మాత్ర వేసుకున్నాక స్ట్రిప్ పక్కన పడేయొద్దు. మర్నాటికల్లా రోజువారీ మాత్రలు మళ్లీ మొదలుపెట్టి, ఏడు రోజులు కండోమ్ వాడాలి. ఇది వేసుకుంటే నెలసరి వారం ముందో వెనకో జరగొచ్చు, మధ్యలో మరకలు పడొచ్చు. వారం దాటి ఆలస్యమైతే పరీక్ష. వేసుకున్న రెండు గంటల లోపు వాంతి అయితే మళ్లీ ఇంకోటి వేసుకోవాలి.

కొందరు భర్తలు రోజువారీ మాత్రలు కొనడం మానేసి నెలకు మూడు నాలుగు అత్యవసర మాత్రలు కొనుక్కుపోతుంటారు. అడిగితే "ఇదే తేలిక" అంటారు. ఎవరికి తేలిక? ఆమె నెలసరి ఎప్పుడొస్తుందో ఆమెకే తెలియని స్థితి వస్తుంది, రక్షణా తక్కువే.

వాంతులు, విరేచనాలు, వేరే మందులు

మాత్ర మింగిన రెండు గంటల లోపు వాంతి అయితే ఆ మాత్ర పోయినట్టే. వెంటనే ఇంకోటి వేసుకోండి. వాంతులు, విరేచనాలు రెండు రోజులకు మించి సాగితే, మాత్రలు మింగుతున్నా సరే, తప్పిన మాత్రల లెక్కలోకే వెళ్లండి.

టీబీ మందుల్లోని రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమాజెపిన్, ఫినోబార్బిటోన్ ఈ హార్మోన్లను కాలేయంలో తొందరగా విరిచేస్తాయి. ఒక్క మాత్రా తప్పకుండానే మరకలు మొదలయ్యాయంటే "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడగడానికి కారణం ఇదే. టీబీ కోర్సు ఆరు నెలలు. అంతకాలం ఈ మాత్రల మీద ఆధారపడకుండా కాపర్-టి లాంటిది అడగండి. జలుబుకో గొంతునొప్పికో రాసే అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్స్‌తో ఈ ఇబ్బంది లేదు.

ఛాయా, సహేలీ వాడేవారికి

దీనిలో మందు సెంట్‌క్రోమాన్. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారై, 1991లో సహేలీ పేరుతో బజారుకొచ్చింది. ఇప్పుడు ప్రభుత్వ కార్యక్రమంలో ఛాయా పేరుతో ఇస్తున్నారు. ఇందులో హార్మోన్ లేదు. నెలసరి మొదటి రోజున మొదలుపెట్టి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఉదాహరణకు ఆదివారం, బుధవారం వేసుకోవాలి. నాలుగో నెల నుంచి వారానికి ఒకటే, ఆదివారం.

తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. ఆలస్యం ఏడు రోజుల లోపయితే పాత వారాల ప్రకారం సాగిస్తూ, తర్వాతి నెలసరి వచ్చేదాకా కండోమ్ వాడాలి. ఏడు రోజులు దాటితే కొత్తగా మొదలుపెట్టినట్టే, మళ్లీ మూడు నెలలు వారానికి రెండు.

ఛాయా వాడేవారిలో కొందరికి, ముఖ్యంగా తొలి నెలల్లో, ఏ మాత్రా తప్పకపోయినా నెలసరి ఆలస్యమవుతుంది, రక్తం తగ్గుతుంది. అది మందు తీరే. 15 రోజులకు మించి ఆలస్యమైతే మాత్రం పరీక్ష చేసుకోవాలి. మాలా-ఎన్ వాడే వదినగారి లెక్క ఛాయా వాడే మరదలికి పనికిరాదు. ఒకే ఇంట్లో ఈ గందరగోళం నేను చూశాను.

పాలిచ్చే తల్లులు

వీరికి ఇచ్చే ఒకే హార్మోన్ మాత్రల్లో విరామం ఉండదు, వేళ కచ్చితంగా ఉండాలి. డెసోజెస్ట్రల్ 75 మైక్రోగ్రాముల మాత్రకు 12 గంటల దాకా గడువుంది. పాతకాలపు మినీ పిల్స్‌కు 3 గంటలే. గడువు దాటితే వెంటనే వేసుకుని, రెండు రోజులు కండోమ్ వాడాలి. ఈ మాత్రలతో నెలసరికి క్రమం ఉండదు, అడపాదడపా మరకలు పడటం మామూలే.

పూజకు వాయిదా వేసే మాత్రలు గర్భనిరోధకాలు కావు

తిరుపతి ప్రయాణం, గృహప్రవేశం, వ్రతం అనగానే "డేట్ వెనక్కి జరిపే మాత్రలు" అడుగుతారు. అవి నోరెథిస్టెరాన్ 5 మిల్లీగ్రాములు. డాక్టర్ సలహాతో నెలసరికి మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు మూడు వేసుకుంటారు. ఆపిన రెండు మూడు రోజులకు రక్తం వస్తుంది. వీటిని నమ్ముకుని మాలా-ఎన్ ఆపేసినవాళ్లున్నారు. అలా చేయకూడదు. వాయిదా మాత్ర గర్భాన్ని ఆపే లెక్కలో తయారైంది కాదు.

మీరు ఇప్పటికే కంబైన్డ్ మాత్రల మీద ఉంటే నోరెథిస్టెరాన్ అవసరమే లేదు. ఐరన్ మాత్రలు వదిలేసి మర్నాడే కొత్త స్ట్రిప్ మొదలుపెడితే నెలసరి ఆ నెల రాదు, రక్షణ కూడా పోదు. షాపుకొచ్చి రెండు రకాలూ కలిపి అడిగేవారికి ఇది చెబితే ఆశ్చర్యపోతారు.

మర్చిపోకుండా ఉండటానికి

అన్నీ సరిగ్గా వేసుకునేవారిలో ఏడాదికి వందలో ఒకరికి కూడా గర్భం రాదు. మామూలు మనుషుల వాడకంలో, అంటే మరుపులతో కలిపి, సుమారు 7 మందికి వస్తుంది. ఆ తేడా అంతా మరుపుదే.

మరుపు కొత్తదీ కాదు. 1960లో అమెరికాలో ఈ మాత్రకు అనుమతి వచ్చినప్పుడు సీసాలో పోసి అమ్మేవారు. ఇవాళ్టిది వేసుకున్నానా లేదా అన్నది ఇంట్లో రోజూ తగువే. ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన డేవిడ్ వాగ్నర్ అనే ఇంజనీర్, తన భార్య మాత్రల లెక్క తేలక, రోజుల పేర్లు కనబడే గుండ్రటి డబ్బా ఒకటి తయారుచేశాడు. వారాల పేర్లు, బాణం గుర్తులు ఉన్న మీ స్ట్రిప్‌కు అదే తాత.

కాబట్టి స్ట్రిప్‌ను మీ చెయ్యి రోజూ తప్పకుండా వెళ్లే చోట పెట్టండి. దువ్వెన పక్కన, పళ్లు తోముకునే బ్రష్ పక్కన, ఫోన్ ఛార్జర్ దగ్గర. స్ట్రిప్ మీద పెన్నుతో మొదలైన వారం రాయండి. ఫోన్ అలారంకు "విటమిన్" అని పేరు పెట్టుకోండి, ఎవరు చూసినా ఇబ్బంది లేదు. హ్యాండ్‌బ్యాగ్‌లో ఒక అదనపు స్ట్రిప్ ఉంచండి, పుట్టింటికెళ్లినప్పుడే ఎక్కువ మాత్రలు తప్పుతాయి. ఐరన్ మాత్రలు మొదలైన రోజే తర్వాతి స్ట్రిప్ తెచ్చిపెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి డాలస్‌కో మరో ఊరికో వెళ్లేవారు ఇక్కడి రాత్రి 9 గంటలను అక్కడి రాత్రి 9 గంటలకు మార్చుకుంటే మధ్యలో దాదాపు 35 గంటలవుతుంది. కంబైన్డ్ మాత్రలకు అది ఆలస్యమే గానీ తప్పినట్టు కాదు. 3 గంటల గడువున్న పాతకాలపు మినీ పిల్ వాడేవారికి అది గడువు మీరడమే, వాళ్లు ముందే ఒకటి వేసుకోవాలి.

ఇవి కనబడితే లెక్కలు పక్కన పెట్టండి

పరీక్షలో గర్భమని తేలి, పొత్తికడుపులో ఒక పక్కన గట్టి నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం వచ్చినా అంతే.

కంబైన్డ్ మాత్రల మీద ఉండగా ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టడం, ఛాతీ నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఎప్పుడూ లేని తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం రక్తం గడ్డకట్టిన సూచనలు కావచ్చు. మాత్ర ఆపి 108కి ఫోన్ చేయండి, డాక్టర్‌కు మాత్రల పేరు చెప్పండి. ఈ గడ్డల ముప్పు మాత్రలు మొదలుపెట్టిన తొలి నెలల్లోనూ, నాలుగు వారాలు అంతకంటే ఎక్కువ మానేసి మళ్లీ మొదలుపెట్టినప్పుడూ ఎక్కువ. "రెండు నెలలు వాడి ఒక నెల ఒంటికి విశ్రాంతి ఇద్దాం" అనే సలహా చాలామంది ఇస్తారు. దాని వల్ల ఒంటికి విశ్రాంతి దొరకదు, ఆ ముప్పే మళ్లీ మొదటికొస్తుంది.

బీపీ ఉన్నవారు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవారు, 35 ఏళ్లు దాటి పొగ తాగేవారు, కాన్పయి ఆరు వారాలు కానివారు, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలను డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు. ఇప్పటికే వాడుతుంటే, తప్పిన మాత్ర సంగతి అడగడానికి వెళ్లినప్పుడే ఒకసారి బీపీ కూడా చూపించుకోండి.